లోకల్ ఎవరు, నాన్‌లోకల్ ఎవరు? కన్వీనర్ సీటు చుట్టూ యాభై ఏళ్ల పంచాయితీ

(ఖమ్మంలో హైస్కూలు, ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక రిటైర్డ్ లెక్చరర్ మాట్లాడినది. రానివాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక కొందరు గోడవారన నిలబడ్డారు, అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోను. ముందు డబ్బు లెక్క చెప్తాను. ఈ గొడవంతా మొదలయ్యేది డబ్బు దగ్గరే. మనం మాత్రం ప్రాంతం పేరు పెట్టి మాట్లాడుకుంటాం.

మన రాష్ట్రంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు కొన్నేళ్లుగా ఏడాదికి రూ. 10,000. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకు మీద ప్రభుత్వం నింపే ఎ కేటగిరీ, వస్తే రూ. 60,000. అదే కాలేజీలో బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రూ. 11 లక్షల పైమాట. సి కేటగిరీ, ఎన్నారై కోటా, దాని జోలికి నేను పోను. ఇప్పుడు ఐదేళ్లకు లెక్కెయ్యండి. ఎ కేటగిరీలో చేరిన పిల్లకు మూడు లక్షలు. పక్కనే కూర్చున్న బి కేటగిరీ పిల్లకు యాభై లక్షలు దాటుతుంది. అదే సారు, అదే పాఠం, అదే పరీక్ష. ఈ మూడు లక్షలకూ ఆ యాభై లక్షలకూ మధ్య ఏమన్నా ఉందా? ఐదు లక్షల సీటు ఉందా? పది లక్షల సీటు ఉందా? లేదు. మధ్యలో ఏమీ లేదు. అందుకే మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌లో నాలుగు మార్కులు అటూ ఇటూ అయితే ఇంట్లో పొలం కాగితాలు బయటికొస్తాయి.

ఆ నాలుగు మార్కుల చోటనే ‘లోకల్’ అనే ముద్ర పని చేస్తుంది. పైన ఉన్న ర్యాంకులకు దాంతో పెద్దగా పని లేదు, ఎక్కడైనా సీటొస్తుంది. కింద ఉన్నవాళ్లకూ పని లేదు, ఎట్లాగూ రాదు. కటాఫ్ దగ్గర వేలాడుతున్న పిల్లలకే లోకలా, నాన్‌లోకలా అన్నది మూడు లక్షలా, యాభై లక్షలా అన్న ప్రశ్న అవుతుంది. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పిల్లలు ఆ కటాఫ్ చుట్టుపక్కలే ఉంటారని నా అంచనా. తప్పయితే సంతోషిస్తాను.

సరే. అసలు ప్రభుత్వం తక్కువ ఫీజుకిచ్చే సీటు స్థానికులకే ఎందుకివ్వాలి? దేశమంతా ఒకటే కదా, మెరిట్ ఉన్నవాడికిస్తే పోదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1955లోనే సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఇండోర్ మెడికల్ కాలేజీలో మధ్యభారత్ రాష్ట్రంవాళ్లకు క్యాపిటేషన్ ఫీజు లేదు, బయటివాళ్లకు ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన జోషి అనే విద్యార్థి ఇదేం న్యాయమని కోర్టుకెళ్లాడు. కోర్టు ఏమందంటే, రాజ్యాంగం పుట్టిన చోటును బట్టి వివక్ష వద్దంది కానీ, నివాసాన్ని బట్టి తేడా చూపొద్దని అనలేదు అంది. రాష్ట్రం తన ఖజానా నుంచి కాలేజీ నడుపుతోంది, చదివినవాళ్లు అక్కడే ఉండి వైద్యం చేస్తారని ఆశ పడుతోంది, అందులో తప్పు లేదంది. ఒక జడ్జి మాత్రం ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరు వాదించినా ఆ రెండు కారణాలే తిప్పి చెప్తారు: డబ్బు మాది, డాక్టరు మా ఊళ్లో ఉంటాడు.

రెండో కారణం మీద నాకు సగం నమ్మకమే ఉంది. మన ఖమ్మం పిల్లలు డాక్టర్లయ్యాక ఎంతమంది ఏజెన్సీకి వెళ్లారో మీకు తెలుసు. మొదటి కారణం మాత్రం గట్టిది. ప్రభుత్వ కాలేజీలు నడిచేది ఇక్కడివాళ్ల పన్నులతో.

మన దగ్గర ఇది ఇంకా లోతైన కథ. నిజాం కాలంలో, 1919లో, ముల్కీ నిబంధన వచ్చింది. పదిహేనేళ్లు ఇక్కడ ఉంటేనే ముల్కీ, అంటే స్థానికుడు. అది ఉద్యోగాల కోసం. 1952లో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అని పిల్లలు రోడ్డెక్కితే హైదరాబాదులో కాల్పులు జరిగాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేముందు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు కదా, అందులో చదువుల మాట కూడా ఉంది. తెలంగాణ కాలేజీల్లో సీట్లు తెలంగాణ పిల్లలకే, లేదా మొత్తం రాష్ట్రంలో మూడో వంతు, ఈ రెండింట్లో తెలంగాణకు ఏది లాభమైతే అది. చూడండి ఎంత జాగ్రత్తగా రాసుకున్నారో! ఎందుకంత జాగ్రత్త? విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ 1923లోనే ఉంది, గుంటూరులో 1946లో వచ్చింది. హైదరాబాదు బయట తెలంగాణలో వరంగల్లుకు కాలేజీ వచ్చేసరికి 1959. ఎవరు ముందు చదువుకున్నారు, ఎవరు పోటీలో ముందుంటారు, లెక్క తేలిగ్గా తేలిపోతుంది.

ఒప్పందం రాసుకున్నారు, అమలు మాత్రం అంతంతే. 1969లో తెలంగాణ మండింది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనేసరికి ఆ పక్క జై ఆంధ్ర మండింది. ఆ మంటల్లోంచి 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెనకే 32వ రాజ్యాంగ సవరణ, చదువుల్లో ఉద్యోగాల్లో స్థానికుల వాటాకు వీలిచ్చిన 371-డి ఆర్టికల్. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు. మన పిల్లల అప్లికేషన్లలో ఓయూ, ఏయూ, ఎస్వీయూ అని గడులు ఉంటాయి చూశారా, అవి అక్కడ పుట్టినవే. తెలంగాణ అంతా ఉస్మానియా ఏరియా. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. రాయలసీమతో పాటు నెల్లూరు శ్రీ వెంకటేశ్వర ఏరియా. నెల్లూరు కోస్తా జిల్లా కదా, సీమలో ఎందుకు కలిసిందంటారా? చదువుల లెక్కలో కలిసింది, అంతే. రాష్ట్రం మొత్తానికీ ఉన్న సంస్థల్లో లోకల్ సీట్లు 42, 36, 22 పాళ్లలో పంచారు. ఆంధ్రకు 42, తెలంగాణకు 36, సీమకు 22.

ఇక 85, 15 గురించి. దీని మీద ఉన్నంత అపోహ ఇంక దేని మీదా లేదు. సీట్లలో 85 శాతం లోకల్‌కు. మిగతా 15 శాతం నాన్‌లోకల్ కోటా అని చాలామంది అనుకుంటారు. కాదండీ. అది అన్‌రిజర్వుడ్. లోకల్‌కే అని కట్టిపెట్టని సీట్లు. లోకల్ పిల్లలు కూడా అందులో మెరిట్ మీద పోటీ పడతారు, చాలాసార్లు వాళ్లే ఎక్కువ తీసుకుంటారు. ‘మన పదిహేను శాతం బయటివాళ్లు ఎత్తుకుపోతున్నారు’ అని టీ కొట్టు దగ్గర విన్నప్పుడు ఈ ముక్క గుర్తు చేసుకోండి.

అసలు కీలకం మాత్రం లోకల్ అంటే ఎవరన్న నిర్వచనంలో ఉంది. మీ తాతగారి ఊరేది, మీ నాన్నకు ఓటెక్కడుంది, మీ ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు... ఇవేవీ మొదట అడగరు. పిల్ల ఎక్కడ చదివింది? అదే ప్రశ్న. ఇంటర్ రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒక ఏరియాలో చదివితే ఆ ఏరియాకు లోకల్. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. అట్లా లేకపోతే, ఏడేళ్లు చూసేవాళ్లు; మెడికల్‌లో ఇది 2024 దాకా. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ ఎక్కువ ఏళ్లు చదివితే అక్కడ లోకల్. స్టడీ సర్టిఫికెట్లు ఆరో తరగతి నుంచి పట్టుకురమ్మనేది ఇందుకే.

మన జిల్లా పిల్లల్ని ఇన్నాళ్లూ కాపాడింది ఆ ఏడేళ్ల రూలే. జాగ్రత్తగా వినండి, నా మాటంతా దీని మీదే. మనం ఎక్కడున్నాం? మధిరలో రైలెక్కితే విజయవాడ ఎంతసేపు? సత్తుపల్లి, అశ్వారావుపేట దాటితే ఆంధ్రా. పదో తరగతి అయిపోగానే మన పిల్లల్ని ఏం చేశాం? ట్రంకు పెట్టె సర్ది విజయవాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో దింపాం. ఎందుకు దింపాం? అక్కడ ర్యాంకులొస్తాయని. ఆరు నుంచి పది దాకా ఖమ్మంలో ఐదేళ్లు, ఇంటర్ రెండేళ్లు అక్కడ. ఏడింట్లో ఐదు ఇక్కడే కాబట్టి ఓయూ లోకల్. ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరి పిల్ల వెళ్లింది, చూసి ఇంకొకరు పంపారు. అది తప్పని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి తప్పు కాదు.

2014లో రాష్ట్రం విడిపోయింది. విభజన చట్టం 95వ సెక్షన్‌లో, ఇప్పుడున్న కోటాలు పదేళ్లకు మించకుండా ఇట్లాగే నడుస్తాయి అని రాశారు. ఆ పదేళ్లు 2024 జూన్ 2తో అయిపోయాయి. ఈ లోపల కూడా తెలంగాణ ప్రభుత్వం ఊరుకోలేదు. 2014 జులైలోనే ఫీజు సాయానికి ఒక కొత్త పథకం తెచ్చి, తల్లిదండ్రులు 1956 నవంబరు 1కి ముందు నుంచి ఇక్కడున్నట్టు చూపించాలన్నారు. హైకోర్టు మొట్టికాయ వేశాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022లో ప్రైవేటు కాలేజీల బి కేటగిరీలో కూడా 85 శాతం ఇక్కడివాళ్లకే అన్నారు. 2023లో, 2014 జూన్ 2 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల్లో కన్వీనర్ సీట్లన్నీ తెలంగాణ పిల్లలకే అన్నారు. అదీ చిన్న విషయం కాదు. విభజననాటికి ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలుంటే, పదేళ్లలో ముప్పై దాటాయి. ఇవన్నీ మనకు లాభమే. నేను కాదనను.

2024 జులై 19న జీవో 33 వచ్చింది. ఎంబీబీఎస్, బీడీఎస్ అడ్మిషన్లకు లోకల్ నిర్వచనం మార్చారు. నాలుగేళ్ల రూలు ఉంచారు, ఏడేళ్ల రూలు తీసేశారు, ఇంటర్ తెలంగాణలోనే పాసవ్వాలన్నారు. తేదీ చూశారా? జులై 19. నీట్ మే నెలలో అయిపోయింది. పిల్లలు విజయవాడ హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేశారు. వాళ్లు అక్కడ చేరింది 2022లో. 2022లో తీసుకున్న నిర్ణయానికి 2024లో రాసిన రూలు వర్తించింది.

ఇప్పుడు ఆ పిల్ల పరిస్థితి ఆలోచించండి. ఖమ్మంలో పుట్టింది, ఖమ్మంలో ఆరు నుంచి పది చదివింది, అమ్మా నాన్నా ఇక్కడే ఉన్నారు. తెలంగాణలో నాన్‌లోకల్. పోనీ, ఇంటర్ చదివిన ఆంధ్రాలో లోకలా? అక్కడ నాలుగేళ్లు కావాలి, ఈ పిల్లకు రెండేళ్లే ఉన్నాయి. ఏడేళ్ల లెక్క చూస్తే ఎక్కువ ఏళ్లు తెలంగాణలో. అక్కడా నాన్‌లోకలే. రెండు రాష్ట్రాలున్నాయి, ఒక్క దాంట్లోనూ లోకల్ కాదు. ఇంకో పక్క, జగ్గయ్యపేటలో ఇల్లున్న పిల్లవాడు కోదాడలోనో హైదరాబాదులోనో తొమ్మిది నుంచి ఇంటర్ చదివితే ఇక్కడ లోకల్. ఆ పిల్లవాడి మీద నాకేం కోపం లేదు, రూలు ప్రకారమే వచ్చాడు. కానీ బయటివాళ్లను ఆపడానికని గీసిన గీత మన పిల్లల కాళ్ల మీద పడింది.

సహజంగానే కోర్టుకెళ్లారు. 2024 సెప్టెంబరు 5న హైకోర్టు, తెలంగాణ శాశ్వత నివాసులకు ఈ రూలు వర్తించదంది. శాశ్వత నివాసి ఎవరో మార్గదర్శకాలు మీరే రాసుకోండి అని ప్రభుత్వానికి చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది. అక్కడ తీర్పు మీద స్టే వచ్చింది, హైకోర్టుకెళ్లిన పిల్లలకు మాత్రం ఆ ఒక్క ఏడాదికి అవకాశమిచ్చారు. కోర్టు ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లకు సీటు, పెట్టుకోలేనివాళ్లకు లేదు. దాన్ని ఏమనాలో మీరే అనండి. చివరికి 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పు కొట్టేసి ప్రభుత్వ రూలు చెల్లుతుందని చెప్పింది. రాష్ట్ర ఉద్యోగులు, ఐఏఎస్ లాంటి ఆలిండియా సర్వీసులవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు బదిలీల మీద బయటికెళ్తే వాళ్ల పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మిర్చి వ్యాపారి పిల్లకు లేవు. రైతు పిల్లకు లేవు.

అంటే ఇప్పుడు చట్టం తేలిపోయింది. తేలిపోయాక కూడా నేనెందుకు మాట్లాడుతున్నానంటే, రూలు చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు చెప్పాలి అన్నది ఇంకో ప్రశ్న. నాలుగేళ్లు వెనక్కి చూసే రూలును నాలుగేళ్లు ముందు చెప్పాలి. లోకల్ రూలు ఎంత కఠినంగా ఉన్నా నాకు ఫరవాలేదు. ఇంటర్ ఇక్కడే చదవాలంటారా, చదివిద్దాం. విజయవాడ వెళ్లకపోతే మన కాలేజీలైనా బాగుపడతాయి. కానీ తొమ్మిదో తరగతిలో చేరుతున్న పిల్లకు ఆ రోజు ఉన్న రూలు ఏదో, ఆ పిల్ల కౌన్సెలింగ్‌కు వెళ్లే రోజున కూడా అదే ఉండాలి. మార్చాలనుకుంటే మార్చండి, అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. ఇది అడగడానికి ప్రాంతం అక్కర్లేదు, పార్టీ అక్కర్లేదు. ఆంధ్రాలో ఉన్న తల్లిదండ్రులకూ ఇదే కావాలి.

భద్రాచలం నుంచి వచ్చిన ఒకాయన ఇందాక అడిగారు. 2014లో ఆ చుట్టుపక్కల మండలాలు ఆంధ్రాలో కలిశాయి కదా, మా సంగతేంటని. నిజమే, ఎటపాకలో ఇల్లు, భద్రాచలంలో బడి. ఇల్లు ఆంధ్రా, బడి తెలంగాణ. రూలు బడిని చూస్తుంది, ఇంటిని చూడదు. భద్రాచలంలోనే నాలుగేళ్లూ చదివి ఇంటర్ కూడా ఇక్కడే పాసైతే తెలంగాణ లోకల్. మధ్యలో ఒక ఏడాది అటు మారిస్తే చిక్కు. ఆ ఊళ్లవాళ్లు మిగతా అందరికంటే జాగ్రత్తగా ఉండాలి.

ఇంకొందరు, ‘సార్, ఇదంతా ఎత్తేసి దేశమంతా ఒకే మెరిట్ లిస్టు పెడితే?’ అంటారు. 1984లో ప్రదీప్ జైన్ కేసులో జస్టిస్ భగవతి ఇంచుమించు ఆ దారిలోనే ఆలోచించి, ఎంబీబీఎస్‌లో నివాసం కోటా 70 శాతం దాటొద్దన్నారు. ఆంధ్రప్రదేశ్‌కు 371-డి ఉంది కాబట్టి మనకు వర్తించలేదు. తర్వాత దేశమంతా ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆల్ ఇండియా కోటా వచ్చింది. మనం చాలాకాలం అందులో లేం. 2018-19 నుంచి రెండు తెలుగు రాష్ట్రాలూ చేరాయి. మన సీట్లు కొన్ని పోయాయి, బయట రాష్ట్రాల సీట్లు మనకు తెరుచుకున్నాయి. పీజీలో అయితే 2025 జనవరి 29న సుప్రీంకోర్టు నివాసం కోటా చెల్లదనేసింది. స్పెషలిస్టు డాక్టరుకు ప్రతిభే ముఖ్యమని దాని తర్కం. ఎంబీబీఎస్ దగ్గర ఆ తర్కాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. బడిలో సైన్సు టీచరు లేని మండలం నుంచి వచ్చిన పిల్లనూ, ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోచింగు తీసుకున్న పిల్లనూ ఒకే లిస్టులో పెడితే దాన్ని మెరిట్ అనడానికి నాకు నోరు రాదు.

ఇంజినీరింగ్ వాళ్లు కంగారు పడకండి. మీ రూలు వేరు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన జీవో 15తో ఈఏపీసెట్‌లో 85 శాతం లోకల్, 15 శాతంలో తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్లే. అమ్మా నాన్నల్లో ఎవరైనా పదేళ్లు ఇక్కడ ఉన్నట్టు చూపిస్తే, ఇంటర్ బయట చదివిన పిల్ల కూడా ఆ 15 శాతంలో పోటీ పడొచ్చు. కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీలు, ఎన్ఐటీల సంగతి ఇంకా వేరు. ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసైతే అదే హోం స్టేట్. అంటే విజయవాడలో ఇంటర్ చదివిన మన పిల్లకు వరంగల్ ఎన్ఐటీలో హోం స్టేట్ కోటా రాదు, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో వస్తుంది. ఒకే పిల్ల, ఒకే సర్టిఫికెట్లు. ఒక్కో ఆఫీసులో ఒక్కో రాష్ట్రం.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను, దానికి ముందు ఒక్క పని చెప్తాను. ఎనిమిదో తరగతి పిల్లలున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. వచ్చే జూన్‌లో మీ పిల్ల ఎక్కడ చేరుతుందో అక్కడి నుంచే మీ లెక్క మొదలు. ప్రతి ఏడాదీ బడి ముగిసిన వారంలోనే బోనఫైడ్, అంటే అక్కడ చదివినట్టు బడి ఇచ్చే సర్టిఫికెట్, తీసుకుని ఫైల్లో పెట్టుకోండి, నాలుగేళ్ల తర్వాత వెళ్లి అడుగుదామనుకోకండి. చిన్న ప్రైవేటు బళ్లు మూతపడుతున్నాయి. బడి మూతపడితే రికార్డులు ఎక్కడికి పోయాయో మండల విద్యాధికారి ఆఫీసులో వెంటనే అడగండి. బదిలీ ఉద్యోగాలున్నవాళ్లు ఆర్డరు కాపీలు కూడా దాచుకోండి. విజయవాడ పంపాలా వద్దా అని అడగబోతున్నారు కదా, మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. డాక్టరు చదువే లక్ష్యమైతే పంపకండి. ఇంజినీరింగ్ అయితే మీ ఇష్టం, ఎన్ఐటీ లెక్క మాత్రం ముందే వేసుకోండి. ఆ మూల చెయ్యెత్తిన అమ్మగారు మొదట అడగండి.